ప్రార్థన వేళ ఎవరిది?

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక నర్సమ్మాయి మా సంఘపెద్దను అడిగింది: "నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతోంది అంకుల్. ఉదయ ప్రార్థన కుదరట్లేదు. ఏం చేయమంటారు?" ఆయన ప్రేమగానే జవాబిచ్చారు: "పని చేసుకుంటూ మనసులో అనుకోమ్మా, చాలు. దేవుడికి తెలియదా?" ఆ 'చాలు' దగ్గర నా మనసు చివుక్కుమంది.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదల తెలుసు. వేళ లేని ప్రార్థన నిలవదు. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకుంటే ఆ తీరికను ఇంకేదో పని ముందే ఎత్తుకుపోతుంది. కపెర్నహూములో ప్రొద్దుగూకాక రోగులందరినీ ఇంటి వాకిటికి తెస్తే యేసు స్వస్థపరిచాడు. అంత అలసట తర్వాత కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించేవాడు. రాజు తప్ప మరెవరికీ ముప్పై రోజులు మొక్కకూడదని శాసనం వచ్చినా ఆ అలవాటు మానలేదు. ఆయన్ను ఎక్కడ పట్టుకోవచ్చో శత్రువులకు ముందే తెలుసు. అంత బహిరంగమైన అలవాటు అది.

వేళ గురించి ఇంత పట్టుగా మాట్లాడటం నాకు మా తాతయ్య నుంచి వచ్చింది. ఆయన దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఒక పల్లెకు ఉపదేశి. పగలు బడి పంతులు, పొద్దుగూకితే ప్రార్థన నడిపేవారు. 1912లో అజరయ్య గారు ఆ మండలానికి బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆ పల్లెల్లో విశ్వాసులు చాలామంది మాల, మాదిగ కూలి కుటుంబాలవాళ్లు. తెల్లారకముందే పొలాలకు పోవాల్సినవాళ్లు. అందుకే అక్కడ రోజూ ప్రార్థన సాయంత్రం పెట్టారు.

మా ఊళ్లో వేపచెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడేది. తాతయ్య దాన్ని మోగిస్తే నాట్లనుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని, చంకలో పిల్లలతో వచ్చి లాంతరు చుట్టూ కూర్చునేవారు. చదువు రానివాళ్లే ఎక్కువ. తాతయ్య ఒక్కో మాట చెబితే వాళ్లు అందుకునేవారు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం అలాగే నోటికి వచ్చాయి. ఒంట్లో బాగోక ఎవరైనా రాకపోతే ఆ రాత్రే ఇద్దరు వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవారు. కళ్లు మూతలుపడే మనిషిని పక్క మనిషి గొంతు నిలబెట్టేది.

ఇది రాస్తుంటే నా వాదన నా చేతిలోనే మలుపు తిరిగింది. తాతయ్య ఎవరినీ "నీ ప్రార్థన వేళ నువ్వే కాపాడుకో" అనలేదు. ఆ వేళను ఊరే కాపాడింది. అపొస్తలుల కార్యాల్లో పేతురు, యోహాను దేవాలయానికి వెళ్లింది పగలు మూడు గంటల ప్రార్థన వేళకు. అది వాళ్లు సొంతంగా ఎంచుకున్న వేళ కాదు, అందరిదీ. శృంగారమనే ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాడు లేచి నడిచింది ఆ వేళలోనే.

ఏకాంత ప్రార్థన వద్దనడం లేదు, అది లేనిదే మనిషి లోపల ఎండిపోతాడు. కానీ అలసిన విశ్వాసికి ప్రార్థనే మొదటి పని అని బోధించి, వారానికి ఆరు రోజులు గుడికి తాళం వేసుకునే సంఘం తన బరువును ఆ ఒక్కరి మీద మోపుతోంది. డ్యూటీ దిగే వేళ అడిగి, ఆ వేళకు ఫోన్‌లోనైనా పది నిమిషాలు తోడుగా ప్రార్థించే ఇద్దరిని ఏర్పాటు చేయడం సంఘపెద్దల పని.

ఇది మనకు చేతకానిదేం కాదు. లెంటు నలభై రోజులూ మన సంఘాల్లో ఎన్నో చోట్ల సాయంత్రం ఒక్కో ఇంట్లో కూటం పెట్టుకుంటాం. పిలవకపోయినా పొరుగువాళ్లు వస్తారు, పిల్లలు కీర్తన ఎత్తుకుంటారు. ఈస్టర్ రాగానే దాన్ని ఆపేయడం మన అలవాటే కానీ దేవుడి ఆజ్ఞ కాదు. ప్రార్థనకు మొదటి స్థానం ఇవ్వాల్సింది ముందుగా సంఘం. అది తలుపు తీసి పెడితే మనుషులు తమంతట తామే వస్తారు.