కొసలకు కాపలా

ఈ పుస్తకం రాసినామె నా దగ్గర జన్యుశాస్త్రం చదువుకుంది. ముందుమాటకు రాతప్రతి ఇస్తూ, "పొగడ్తలు తరవాత, మాస్టారూ. ముందు తప్పులు చూడండి" అంది. చూశాను. నా ఫిర్యాదులు రెండున్నాయి. వాటి సంగతి చెప్పేలోపు ఈ పుస్తకం ఎందుకు అవసరమో చెప్పాలి.

టెలోమియర్ అనే మాట ఇప్పుడు పత్రికల ఆరోగ్యం పేజీలకూ ఎక్కింది. ఎక్కిన తీరే నాకు మింగుడుపడదు. క్రోమోజోము కొసలు పొడుగ్గా ఉంటే యవ్వనం, అరిగిపోతే ముసలితనం అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ వెనకే పొడవు పెంచుతామనే మాత్రల ప్రకటన వస్తుంది. ఈ రచయిత్రి ఆ సంతకు పోలేదు. కొస ఎంత పొడుగుందన్నది ఒక్కటే కాదు, దాన్ని ఎవరు కాస్తున్నారన్నది చూడాలని మొదటి అధ్యాయం నుంచీ పట్టుబట్టింది.

మన కణంలో 46 క్రోమోజోములు, అంటే 92 కొసలు. డీఎన్ఏ ఎక్కడ తెగినా కణం క్షణాల్లో పసిగడుతుంది. విభజన ఆపి తెగిన ముక్కలను అతుకుతుంది. మరి ఈ 92 కొసలను చూసి, ఇవీ తెగినవే అని ఎందుకు పొరబడదు? 1930ల్లో ముల్లర్ పండ్ల ఈగల మీద ఎక్స్‌కిరణాలు వేసి, మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో విరిగిన క్రోమోజోములను గమనించి, తెగిన కొస ఇంకో కొసకు అతుక్కుంటుందనీ, సహజమైన కొస అతుక్కోదనీ గుర్తించారు. కారణం తెలియడానికి దశాబ్దాలు పట్టింది. 1978లో బ్లాక్‌బర్న్, గాల్ చెరువు నీటిలో బతికే ఏకకణ జీవిలో, కొసల్లో ఒకే చిన్న అక్షర వరస మళ్ళీ మళ్ళీ రావడం కనుక్కున్నారు. మనుషుల్లో ఆ వరస టీటీఏజీజీజీ. విభజన జరిగిన ప్రతిసారీ కొంత తరిగిపోయే ఈ వరసను తిరిగి చేర్చే ఎంజైము టెలోమరేజ్ జాడ 1984 క్రిస్మస్ నాడు గ్రైడర్‌కు దొరికింది. 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది. ఇదంతా చాలామంది రాసిందే కాబట్టి రచయిత్రి నాలుగు పేజీల్లో ముగించింది. మంచి పని చేసింది.

ఆమె నిదానించింది ఆ తరవాత. అక్షర వరస ఒక్కటే కొసను కాపాడలేదు. దాని మీద కూర్చునే ప్రోటీన్లు కావాలి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో టిటియా డి లాంగ్ ఈ ప్రోటీన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 2005లో ఆ ఆరింటి కూటమికి షెల్టరిన్ అని పేరు పెట్టారు. టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2 జంటపోగు డీఎన్ఏని పట్టుకుంటాయి. చివర ఒంటిగా మిగిలే పోగును పాట్1 పట్టుకుంటుంది. ఈ రెండు పక్షాలనూ టిన్2, టీపీపీ1 కలుపుతాయి. ర్యాప్1 టీఆర్‌ఎఫ్2ని అంటిపెట్టుకుని ఉంటుంది. టెలోమరేజ్‌ని పిలిచి కొస దగ్గర కూర్చోబెట్టేది కూడా టీపీపీ1 నే. తాళం వేసేదీ, అవసరమైనప్పుడు తలుపు తీసేదీ ఒకే ఇంటివాళ్ళన్నమాట.

1999లో గ్రిఫిత్, డి లాంగ్ బృందాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, కొస వెనక్కి మడుచుకుని ఒంటిపోగును జంటపోగులోకి దూర్చుకున్న ఉంగరం కనిపించింది. టీఆర్‌ఎఫ్2 లేనిదే ఆ ఉంగరం నిలవదు. దాన్ని తీసేస్తే ఏటీఎం అనే అలారం మోగుతుంది, క్రోమోజోములు కొసకు కొస అతుక్కుపోతాయి, తరవాతి విభజనలో చెరోవైపు లాగబడి తెగిపోతాయి. పాట్1 ని తీసేస్తే మోగేది వేరే అలారం, ఏటీఆర్. ఆరింటిలో ఎవరి కాపలా వారిదేనని ఈ పుస్తకంలో ప్రయోగాల వరసతో నిరూపించిన తీరు, నేను క్లాసులో ఏనాడూ చెప్పలేనంత స్పష్టంగా ఉంది.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. ఆ ప్రయోగాల్లో చాలా భాగం ఎలుకల మీద చేసినవి. ప్రయోగశాల ఎలుకల టెలోమియర్లు మనవాటికన్నా ఎన్నో రెట్లు పొడవు. పైగా మనకు ఒకటే ఉన్న పాట్1 వాటికి రెండు. ఈ హెచ్చరిక అధస్సూచికలో కాదు, అధ్యాయం మొదట్లోనే ఉండాల్సింది.

జబ్బుల అధ్యాయాలు పుస్తకానికి ప్రాణం. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే అరుదైన వ్యాధిలో గోళ్ళు పాడవుతాయి, మెడ మీద వలలా నల్లని మచ్చలు పడతాయి, నోట్లో తెల్లని పొర కడుతుంది. ఆ తరవాత మూలుగ రక్తం చేయడం మానుకుంటుంది. కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. టిన్2 జన్యువులో మార్పులు దీనికి ఒక కారణమని 2008లో తేలింది. ఆ మార్పు చాలాసార్లు తల్లిదండ్రుల్లో ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. పసితనంలోనే టెలోమియర్లు బాగా పొట్టిగా ఉంటాయి.

అటు తిప్పి చూస్తే పాట్1. అది చెడిన కొన్ని కుటుంబాల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తరతరాలుగా వస్తోందని 2014లో వెల్లడైంది. ఆ కుటుంబాల్లో టెలోమియర్లు మామూలుకన్నా పొడవు! పొడవు అరిగి ఆగిపోవలసిన కణం ఆగకుండా విభజన చెందుతూ పోతే, పోగయ్యేవి ఆయుష్షు కాదు, ఉత్పరివర్తనలు. క్యాన్సర్లలో దాదాపు 90 శాతం టెలోమరేజ్‌ని మళ్ళీ మేల్కొలుపుకున్నవే. మాత్రల ప్రకటనలు నమ్మేవాళ్ళు ఈ ఒక్క అధ్యాయమైనా చదవాలి.

రెండో ఫిర్యాదు మన దగ్గరిది. డిస్కెరటోసిస్‌లో కొన్ని రకాలు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ చెడిన జన్యువు అందితేనే వస్తాయి. మేనరికాలు ఇంకా మామూలుగా ఉన్న మన కుటుంబాల్లో దాని ప్రమాదం ఎక్కువ. రచయిత్రి దీనికి ఒక పేజీ ఇచ్చింది. రెండో ముద్రణలో ఒక అధ్యాయం రాయమని నా ఆదేశం.

మందుల గురించి ఆమె పొదుపుగానే మాట్లాడింది. డానజాల్ ఇస్తే కొందరిలో టెలోమియర్లు పెరిగాయని 2016లో అమెరికా అధ్యయనం చెప్పింది, కానీ అది చిన్న అధ్యయనం. టెలోమరేజ్‌ని అడ్డుకునే ఇమెటెల్‌స్టాట్‌కు 2024లో అక్కడ ఒక రక్తవ్యాధికి అనుమతి వచ్చింది. అంతకుమించి ఊరించలేదు.

ఈ పుస్తకం చేతికొచ్చే వైద్యులకు ఒక విన్నపం. మూలుగ ఎండిపోయిన కుర్ర రోగి వస్తే గోళ్ళు, నోరు చూడండి, కుటుంబంలో ఊపిరితిత్తుల జబ్బు ఉందేమో అడగండి. మూలుగ మార్పిడికి తోబుట్టువు దాతగా ముందుకొస్తే, పైకి ఆరోగ్యంగా కనిపించినా సరే, అదే జన్యుమార్పు ఉందో లేదో పరీక్ష చేయించకుండా మార్పిడికి తేదీ ఇవ్వకండి.