కర్త లేని సమస్యలు

యాదగిరిగుట్ట చుట్టుపక్కల చదువుకుంటున్న యువ మిత్రుల వ్యాసాలు కొన్ని ఈమధ్య చదివాను. కౌలు రైతులు, పడావు భూములు, ఫ్లోరైడు నీళ్లు. వస్తువులో లోపం లేదు. కానీ అన్నింటిదీ ఒకటే నడక: మూడు పేజీల సమస్య, చివర రెండు వాక్యాల పరిష్కారం. 'ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి, ప్రజల్లో చైతన్యం రావాలి.' ఏ చర్య, ఎవరు, ఎంత అని అడిగితే వ్యాసం నోరు మెదపదు.

ఇదే జిల్లాలోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేని దళితులు ఇంతకన్నా మంచి ప్రతిపాదన చేశారు. ఏం కావాలని వినోబా భావే అడిగితే 80 ఎకరాలన్నారు. సగం తరి, సగం ఖుష్కి. అందులో ఒక్క విశేషణం లేదు, కొలత ఉంది. అర్జీ రాసిస్తే ప్రభుత్వానికి పంపుతానని వినోబా మొదట అన్నారు. తర్వాత అక్కడున్న ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం మొదలైంది.

అడిగినదానికన్నా 20 ఎకరాలు ఎక్కువే. ఆ కుటుంబాలకు అది చిన్న విషయం కాదు, ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. అయితే విమర్శకుడు పట్టుకోవలసింది అర్జీ చిరునామా మారిన క్షణాన్ని. అంతవరకూ రాజ్యాన్ని అడిగిన ప్రశ్న అప్పుడు దాత మనసును ఆశ్రయించింది. హైదరాబాద్ కౌలుదారీ చట్టం అంతకు ముందటేడే, 1950లో వచ్చింది. సాయుధ పోరాట విరమణ ఇంకా జరగలేదు. సంఘం భూములు పంచిన జ్ఞాపకం పల్లెల్లో పచ్చిగానే ఉంది. ఒకే గడ్డ మీద ఒకే సమస్యకు మూడు పరిష్కారాలు!

ఏది ఒప్పిస్తుందన్నది సమస్యను చెప్పిన వాక్యమే తేలుస్తుంది. 'వీరికి భూమి లేదు' అంటే దానం సహజమైన జవాబు. 'వీరు దున్నే భూమి ఫలానావారి పేరు మీదికి ఇలా చేరింది' అంటే దానం జవాబే కాదు. మొదటి వాక్యంలో కర్త లేడు. 5 కోట్ల ఎకరాల లక్ష్యం పెట్టుకున్న భూదానం దేశమంతా తిరిగి సేకరించింది 40 లక్షల పైచిలుకు. అందులోనూ సాగుకు పనికిరానిది చాలా ఉంది.

ఈ జబ్బు మనకూ ఉంది. 'పోరాటమే మార్గం' అని ముగించే మన వ్యాసాలు 'ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి' అనే వ్యాసాలకు వరసకు అన్నదమ్ములే. రక్తం చిందకుండా భూమి దొరికిందిగదా అని ఎదుటివాడు అడిగితే, ఆ మాటను దాని పూర్తి బలంతో పేజీ మీద పెట్టి జవాబు చెప్పిన వ్యాసాలు మన పత్రికల్లో ఎన్ని? నేను రాసినవాటిలోనే వెతికాను. రెండు దొరికాయి.