పడవలోంచి చూసిన గోదావరి

పట్టిసీమ అంటే ఇప్పుడు చాలామందికి ఎత్తిపోతల పథకమే గుర్తొస్తుంది. అంతకుముందు సినిమా గుర్తొచ్చేది. ఏటి మధ్యలో గుట్ట, గుట్ట మీద వీరభద్రస్వామి గుడి, చుట్టూ ఇసుక తిన్నెలు, ఎగువన నీలంగా కొండలు. మైదానానికీ మన్యానికీ ఇది గడప లాంటి చోటు. ఇక్కడి నుంచి పైకి పోలవరం, దేవీపట్నం, ఆ తర్వాత పాపికొండలు. సినిమావాళ్ళు ఈ గడప దాటి పడవలో పైకి వెళ్ళారు, తిరిగి వచ్చారు. వాళ్ళు తీసిన బొమ్మల్ని లోకం మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం. అయితే ఆ పడవ ఎవరి ఊళ్ళ ముందు నుంచి వెళ్ళిందో ఆ ఊళ్ళవాళ్ళుగా ఆ సినిమాల్ని మళ్ళీ చూస్తే ఏం కనబడుతుందో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు ‘మూగమనసులు’. 1964లో వచ్చింది, ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. తెలుగు సినిమా ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లో అట్టముక్కల ఇళ్ళ మధ్య తయారవుతున్న రోజుల్లో, కెమెరాను గోదావరి మీదికి తెచ్చిన సినిమా ఇది. పడవ నడిపే గోపి (అక్కినేని), జమీందారుగారమ్మాయి రాధ (సావిత్రి), గోపిని ప్రేమించిన గౌరి (జమున). గోపి రాధను రోజూ ఏరు దాటించి కాలేజీకి చేరుస్తాడు, పువ్వు ఇస్తాడు, ‘అమ్మాయిగారూ’ అని పిలుస్తాడు. ఆ పిలుపు దాటి అతని నోట ప్రేమ మాట రాదు. రాధకు పెళ్ళవుతుంది, విధవరాలై తిరిగొస్తుంది, ఊరు నోరు చేసుకుంటుంది, ఇద్దరూ పడవలో బయల్దేరి సుడిగుండంలో పోతారు. మళ్ళీ పుట్టి, పెళ్ళి చేసుకుని, కొత్త దంపతులుగా అదే ఏటి మీదికి వస్తారు.

కింది కులపు పడవవాడు, పై కులపు అమ్మాయి ఈ జన్మలో కలవడానికి వీల్లేదని సినిమా ఒప్పుకుంది. ఆ లెక్క తేల్చడానికి ఇంకో జన్మ ఇచ్చింది. 1964లో అంతమాత్రం చెప్పడానికే ధైర్యం కావాలని కొందరంటారు. కావచ్చు. కానీ రెండో జన్మలో అతను పడవవాడు కాడు, చదువుకున్న బాబు. అంటే జన్మ మార్చినా సరిపోలేదు, మనిషి స్థాయిని కూడా మార్చాల్సి వచ్చింది. టీచర్లు ఈ సినిమాను పిల్లలకు చూపిస్తే ఇక్కడ ఆపి ఒక్క నిమిషం మాట్లాడమని మా కోరిక.

ఈ మధ్య మేం ఈ సినిమాను మళ్ళీ చూసినప్పుడు, ముంపు ఊరు వదిలి కాలనీకి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు మా పక్కన కూర్చున్నారు. తాత వయసులో ఉన్నప్పుడు వెదురు తెప్పలు కట్టి రాజమండ్రి దాకా దింపినవాడు. ఆయన అక్కినేనిని చూడలేదు, అక్కినేని చేతిలో గెడను చూశాడు. “గెడ అట్టా పట్టుకుంటే పడవ తిరిగిపోద్ది” అని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. అవి వేసవి నీళ్ళని, ఆ రంగు శ్రావణంలో ఉండదని, ఇసుక మేట అలా ఉంటే దాని పక్కనే లోతు ఉంటుందని ఒక్కొక్కటే చెప్పాడు. సినిమా గొప్ప రసఘట్టాలన్నీ ఆయన పక్క నుంచి వెళ్ళిపోయాయి.

అవ్వ మటుకు గౌరిని పట్టుకుంది. కథ చెప్పేది గౌరే కదా. కొత్త దంపతులు పాడుబడిన చోటికి వచ్చేసరికి సమాధి దగ్గర ముసలి గౌరి ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని కాచుకునే ఉంది. అవ్వ అడిగిన ప్రశ్న ఇది: “ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఏం తిని బతికింది?”

ఇన్ని దశాబ్దాల సమీక్షల్లో ఈ ప్రశ్న మాకెక్కడా ఎదురు కాలేదు. సినిమా దీనికి జవాబు చెప్పదు, చెప్పాలని అనుకోదు కూడా. ప్రేమించినవాళ్ళు చచ్చిపోయి మళ్ళీ పుట్టారు. గౌరి మాత్రం చావలేదు, పుట్టలేదు, ఒడ్డు మీదే ముసలిదైంది. పరాయివాళ్ళ ప్రేమకు కాపలా ఉండటమే ఆమె పని. జమున ఆ పాత్రను ఎంత ప్రాణం పెట్టి చేసిందంటే, ఇదే కథను ఆదుర్తి 1967లో హిందీలో ‘మిలన్’గా తీసినప్పుడు కథానాయకుడు, నాయిక మారిపోయారు (సునీల్ దత్, నూతన్ వచ్చారు), గౌరిగా మాత్రం జమునే ఉంది. దానికి ఫిలింఫేర్ అవార్డు కూడా వచ్చింది. నటి గొప్పది. పాత్రకు కూడు పెట్టడం కథ మరిచిపోయింది. ఒడ్డు మీది మనుషుల గురించి గోదావరి సినిమాలు ఎలా ఆలోచించాయో తెలియాలంటే గౌరిని చూస్తే చాలు.

తర్వాత బాపు తీసిన ‘అందాల రాముడు’, 1973. ముళ్ళపూడి వెంకటరమణ రచన. రాజమండ్రి నుంచి భద్రాచలం రాముడి కల్యాణానికి వెళ్ళే ఒక పడవలోనే దాదాపు కథంతా నడుస్తుంది. ఉన్నవాడు, లేనివాడు, దొంగ, మంచివాడు అందరూ ఒకే పడవలో. మాటల చమత్కారానికి ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పడవే ఒక దేశం అన్నమాట. ఆ దేశంలో మనం లేం. కోయ, కొండరెడ్డి ఊళ్ళ మధ్య నుంచి అన్ని రోజులు వెళ్ళిన పడవలో, గుర్తుండే ఆదివాసీ పాత్ర ఒక్కటి లేదు. విచిత్రం ఏమంటే రామాయణంలో ఉన్నాం. ఏరు దాటించిన గుహుడున్నాడు, పండ్లు పెట్టిన శబరి ఉంది. ఆమె పేరుతోనే శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తోంది. రాముడి పెళ్ళికి వెళ్ళే పడవకు రాముణ్ణి దాటించినవాడు అవసరం లేకపోయాడు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో అదే దారి, మళ్ళీ పడవ, మళ్ళీ భద్రాచలం. బొమ్మ ఇంకా అందంగా వచ్చింది. దాని గురించి అంతకు మించి చెప్పాల్సింది మాకు లేదు.

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో మనం లేమనే మాట కుదరదు. గాము గంటం దొర, మల్లు దొర పేర్లు తెర మీద వినబడతాయి. పోడు మీద నిషేధం, రోడ్డు పనుల్లో వెట్టి, అడవి చట్టాలు, ఇవే 1922 నాటి తిరుగుబాటుకు కారణాలు. సినిమాలో కారణాలు కూడా నాయకుడి గుండెలోంచే పుట్టినట్టుంటాయి. మనవాళ్ళు ఆయన వెనక విల్లంబులు పట్టుకుని నిలబడతారు. రాజు మీద మాకు గౌరవం తక్కువ కాదు. గంటం దొర ఇంటి లోపల ఎలా ఉండేదో చూడాలని మాత్రం ఉంటుంది.

ఇక్కడ ఒక మలయాళ సినిమా గురించి చెప్పాలి. మన యువకుల్లో చాలామంది పేరు కూడా విని ఉండరు. అరవిందన్ తీసిన ‘కాంచన సీత’, 1977. ఉత్తర రామాయణ కథ. చిత్రీకరణ మన ఆంధ్రప్రదేశ్ ఆదివాసీ ప్రాంతాల్లోనే జరిగింది. రాముడు, లక్ష్మణుడు లాంటి పాత్రలు వేసింది రామ చెంచులు. తాము రాముడి వంశంవాళ్ళమని చెప్పుకునే మనుషులు. కిరీటాలు లేవు, పట్టుబట్టలు లేవు. రామదాస్ అనే ఆయన రాముడు. సీత మనిషిగా అసలు కనబడదు. గాలి వీస్తే, ఆకులు కదిలితే అదే సీత. నీలం రంగు పూసిన రాముడికి అలవాటుపడ్డవాళ్ళకు అది మింగుడుపడలేదు, గొడవ చేశారు. అరవిందన్‌కు మాత్రం ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది.

మేం ఆ సినిమాను చాలా ఓపికగా చూడాల్సి వచ్చిందని దాచం. నెమ్మదిగా నడుస్తుంది, మాటలు బహు తక్కువ. అయినా ఒక అడవి మనిషి ముఖాన్ని, నాట్యం చేయించకుండా, ఈకలు గుచ్చకుండా, అంతసేపు చూడనిచ్చిన సినిమా మాకు ఇంకోటి తారసపడలేదు. అందులోనూ లోటుంది. ఆ ముఖం దర్శకుడి ఆలోచనను మోసింది, తన కథను చెప్పలేదు. తెలుగు సినిమా మన ఒడ్డును తీసి మనల్ని వదిలేసింది. అరవిందన్ మనల్ని తీసుకుని మన కథను వదిలేశాడు. రెండింటిలో మాకు రెండోదే దగ్గర, ఎందుకంటే అక్కడ ముఖమైనా ఉంది.

ఇప్పుడు ఈ పాత సినిమాలతో మన పని వేరే ఉంది. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అంత ఎత్తున నీళ్ళు నిలిస్తే దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు, వరరామచంద్రాపురం, కూనవరం, చింతూరు వైపు వందల ఊళ్ళు పోతాయి. కొన్ని ఇప్పటికే ఖాళీ అయ్యాయి. కాలనీలో పుట్టిన పిల్లలకు ఏటి ఒడ్డు ఊరంటే ఏమిటో తెలియదు. కథానాయిక భుజం వెనక, పాటలో రెండు క్షణాలు కనిపించి పోయే రేవు, చింత చెట్టు, గడ్డి కప్పు, ఇవే కదిలే బొమ్మలుగా మనకు మిగిలినవి. వాటిని మన కోసం ఎవరూ తీయలేదు. పొరపాటున పడ్డాయి. అయినా మనవే.

కాబట్టి ఆశ్రమ పాఠశాలల టీచర్లకు, కాలనీల్లో చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ‘మూగమనసులు’, ‘అందాల రాముడు’ వేయండి. ఊళ్ళో పెద్దవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఒడ్డు కనబడ్డ ప్రతిచోటా బొమ్మ ఆపండి. ఇదే రేవు, ఇక్కడ ఎవరి పోడు ఉండేది, ఈ కొండను కోయలో ఏమంటారు, వరదకు ఎక్కడికి ఎక్కేవాళ్ళు అని అడగండి. గుర్తుపట్టలేకపోతే పట్టలేదనే రాసుకోండి. ఊహించి పేరు పెట్టకండి. వాళ్ళు చెప్పేటప్పుడు ఫోనులో రికార్డు చేయండి, సినిమా చప్పుడు తగ్గించి.

ఒడ్డు నుంచి చూసినవాళ్ళు చెప్పగలిగేది పడవలోవాళ్ళకు తెలియదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. పెద్ద వరద. ఆ ఊరి ఆదివాసీలు చిన్న పడవలేసుకుని నీళ్ళలోకి వెళ్ళి, తేలుతున్నవాళ్ళను పట్టి ఒడ్డుకు తెచ్చారు. వాళ్ళకు ఆ నీళ్ళు ఎక్కడ తిరుగుతాయో తెలుసు. మా పక్కన కూర్చున్న తాత సుడిగుండం దృశ్యం వచ్చినప్పుడు, అది ఏ మలుపులో ఉండాలో, ఏ నెలలో పుడుతుందో, దాని అంచున పడవను ఎటు తిప్పాలో చేతులతో చూపించాడు. గోపి, రాధ అప్పటికే మునిగిపోయారు. తాత ఇంకా చూపిస్తూనే ఉన్నాడు.