ఆడవేషాలకు బండి పోయిందా?

మా నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పద్యనాటకం ఉందంటే పొద్దుగూకే వేళకు కమిటీవాళ్లు ఒకరినొకరు అడిగే మాట ఇదే. హరిశ్చంద్రుడు ఊళ్లోనే ఉంటాడు, మధ్యాహ్నం దాకా చేన్లో పనిచేసి వచ్చి గడ్డం గీక్కుంటుంటాడు. విశ్వామిత్రుడిది పక్కవీధి. నక్షత్రకుడు అంగడి మూసి రావాలి, అంతే. చంద్రమతి మాత్రం బయటి ఊరి నుంచి రావాలి. ‘‘యాడిదాకా వచ్చిందో ఫోన్ చేయప్పా’’ అని హార్మోనిస్టు మూడోసారి అడిగేసరికి అందరి మొహాల్లో కంగారు కనిపిస్తుంది. ఊరి మగవాళ్లు నెలల తరబడి నేర్చుకున్న నాటకం, ఆ రాత్రి వచ్చే ఒక ఆడమనిషి గొంతు మీద ఆధారపడి ఉంటుంది.

ఇలాంటి నాటకాల్లో హార్మోనియం పక్కన కూర్చుని తాళం వేసే పని నాది. నేను పద్యం పాడితే మూడో వరస దాటదు కనుక నాకు దొరికిన చోటు అది. అయితే నటి పనితనం చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఆమె బండి దిగి, మొహం కడుక్కుని, టీ తాగుతూనే హార్మోనిస్టును ‘‘అన్నా, శ్రుతి ఎంత పెడుతున్నారు?’’ అని అడుగుతుంది. తర్వాత ‘‘రాజు ఎవరు?’’ అని వాకబు. వేషం కట్టే ఆయనను పిలిపించి ఒకటి రెండు పద్యాలు ఎత్తుకోమంటుంది. ఆయన ఎక్కడ ఊపిరి తీస్తాడు, రాగం ఎంతసేపు లాగుతాడు, ఏ మాట మింగేస్తాడు అన్నది ఆ కాసేపట్లోనే పట్టేస్తుంది. కలిసి చేసే రిహార్సల్ అంతే. అప్పటిదాకా పేరు కూడా తెలియని మనిషికి తెల్లారేదాకా ఇల్లాలు.

సంవాద పద్యాల్లో ఆమె అసలు పని బయటపడుతుంది. ఆయన గొంతుకు హాయిగా ఉండే శ్రుతి ఒకటి, ఆమెది ఇంకొకటి. ఎవరో ఒకరు దిగాలి, లేదంటే ఎక్కాలి. నేను చూసినంతలో సర్దుకునేది ఆమే. రాజు మాట మరిచి నిలబడిపోతే ప్రాంప్టరు కన్నా ముందు ఆమె అందుకుంటుంది. ఆయన చెప్పాల్సిన సంగతినే ‘‘ఏమి నాథా, ఫలానాది చేయమందురా?’’ అని తన ప్రశ్నగా మార్చి అందిస్తుంది. ఆయన తేరుకుని పద్యం ఎత్తుకుంటాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు. చదివింపులు మైకులో ఆయన పేరు మీద వస్తాయి.

కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. చంద్రమతికి అసలు బరువు అక్కడే. బిడ్డ శవం ముందు పాడాల్సిన ఆ పద్యాల కోసం రాత్రంతా గొంతును దాచుకోవాలి. అలాగని ముందు సీన్లలో తగ్గించి పాడితే జనం ఊరుకోరు. అందుకే అనుభవం ఉన్న నటి మొదటి సీన్లలో రాగాన్ని తగ్గించి మాటను స్పష్టంగా పలుకుతుంది. పద్యం అర్థమైతే చాలు, జనం తృప్తి పడతారని ఆమెకు తెలుసు. సీనుకూ సీనుకూ మధ్య వేడినీళ్లు, మిరియాలు, పటికబెల్లం. సోడా ఎవరిచ్చినా ముట్టదు. ఏడుస్తూ పాడకూడదు, పాడుతూ ఏడిపించాలి. నిజంగా ఏడుపు వస్తే గొంతు పూడుకుపోయి శ్రుతి జారుతుంది.

ఈ నటీమణులను చూసినప్పుడల్లా నాకు సురభి కమలాబాయి గుర్తొస్తుంది. నంద్యాల నుంచి కడప రోడ్డు ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా పోతుంది. ఆ కడప జిల్లాలోనే చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో వనారస గోవిందరావు కుటుంబం అక్కడ ‘కీచకవధ’ ఆడింది. అప్పటిదాకా తోలుబొమ్మలు ఆడించిన మరాఠీ మూలాల వాళ్లు బొమ్మల్ని పక్కనపెట్టి తామే వేషాలు కట్టారు. ఊరి పేరే సమాజం పేరైంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే ఆ కాలంలో సురభివాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు.

అలాంటి ఇంట్లో పుట్టింది కమలాబాయి. ఆమె తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి రంగస్థలం మీదే ప్రసవించిందని నాటకాలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్నతనంలోనే కృష్ణుడుగా, ప్రహ్లాదుడుగా మగపిల్లల వేషాలు కట్టింది. పెద్దయ్యాక నాయిక అయింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు బొంబాయిలో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహిస్తే, అందులో లీలావతి ఆమె. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. ఆ సినిమాకు ఆధారమైన నాటకం ధర్మవరం రామకృష్ణమాచార్యులది. ఇక ఆ కథ జరిగిన చోటు ఏదని ఆళ్లగడ్డలో ఎవరినడిగినా అహోబిలం కొండవైపు చేయి చూపిస్తారు. స్తంభం చీలింది అక్కడేనని, ప్రహ్లాదుడి బడి అక్కడేనని మావాళ్ల నమ్మకం. రాసినాయన సీమ మనిషి, ఆడిన సమాజం సీమది, కథ మా కొండది. 1932లో తెరమీద మాట్లాడిన తొలి తెలుగు కథానాయిక మా పక్క జిల్లా సమాజంలో పెరిగిన పిల్ల అన్న సంగతి మాత్రం మావాళ్లలో చాలామందికి తెలియదు.

అప్పటికి నేపథ్యగానం లేదు. వాద్యాలవాళ్లు కెమెరాకు కనపడకుండా కూర్చుని వాయిస్తుంటే నటించేవాళ్లే పాడాలి. అందుకే సినిమావాళ్లు రంగస్థలం వైపు చూశారు. ఆ ఏడాదే ఆమె ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. తర్వాత బొంబాయిలోనే ఉండిపోయి హిందీ సినిమాల్లో నటించింది. మళ్లీ తెలుగుకు వచ్చేసరికి వయసు మారింది, సినిమా మారింది, పాటలకు వేరే గొంతులొచ్చాయి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఎవరో కాదు, ఆమే. నాయిక వేషం పోయిందని కూర్చోలేదు, వయసుకు తగ్గ వేషం కట్టింది. సురభిలో పెరిగిన వాళ్లకు అదేమీ వింత కాదు. అక్కడ బాలకృష్ణుడే పెరిగి సత్యభామ అవుతాడు, ఆ తర్వాత యశోద అవుతాడు.

కమలాబాయి 1971లో పోయింది. అదే ఏడాది స్థానం నరసింహారావు కూడా కన్నుమూశాడు. సత్యభామగా, చింతామణిగా వయ్యారం అంటే ఏమిటో ఆంధ్రదేశానికి చూపించి, 1956లో పద్మశ్రీ అందుకున్న మగవాడు ఆయన. ఆయన కళ ముందు నేను ఎప్పుడూ తలవంచుతాను. అయితే ఆడవాళ్లు ఇల్లు దాటి రాలేరు కాబట్టే ఆ కళ అంత అవసరమైందన్న సంగతి కూడా మరువకూడదు.

ఇంటి చిక్కును ఒక్కొక్కరు ఒక్కోలా విప్పారు. బళ్లారి రాఘవ స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న ఇల్లాళ్లను రంగస్థలం మీదికి తెచ్చాడు. అది ఆయన పలుకుబడి ఉన్నంత మేరకు నడిచింది. సురభివాళ్లు ఇంటినే రంగస్థలం చేశారు. తల్లి చంద్రమతి అయితే కొడుకే లోహితాస్యుడు, మేనమామ హరిశ్చంద్రుడు, ఇంట్లో పెద్దామె తెర వెనక వంట చూస్తుంది. చంటిపిల్ల అక్కడే నిద్రపోతుంది. నాటకం కోసం ఆడమనిషి ఎవరినీ వదిలి రానక్కర్లేదు. కమలాబాయి ప్రతిభ ఎంతదైనా, చుట్టూ ఆ ఏర్పాటు ఉండబట్టే అది చిన్ననాటి నుంచీ పెరిగింది.

మా పల్లెలు మూడో దారి పట్టాయి. ఊరి ఆడవాళ్లను ఇంట్లోనే ఉంచి, బయటి ఆమెకు డబ్బిచ్చి పిలిపించుకున్నాం. ఆమె బిడ్డ ఆ రాత్రి ఎవరి దగ్గర పడుకుందో మేం అడగం. తెల్లారి రంగు కడుక్కున్నాక బస్సు ఎక్కించి మా బాధ్యత తీరిందనుకుంటాం. నిరుడు ఆమెను గొప్పగా పొగిడిన నోళ్లే, సీను మధ్యలో ఈలలేసిన కుర్రాళ్లను మందలించవు. 2022 జనవరిలో ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించినప్పుడు వాదన ఎక్కువగా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ తిరిగింది. ఒక వర్గం మనసు నొచ్చుకుందన్న మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే చింతామణి వేషం మీద ఏడాది తిండి సంపాదించుకునే ఆడవాళ్లకు ఏం దారి అన్న మాట మా వైపు మాత్రం ఎవరి నోటా వినలేదు.

ఇప్పుడు మా దగ్గర బళ్లలో పద్యాల పోటీ పెడితే బహుమతులు ఎక్కువగా ఆడపిల్లలకే పోతున్నాయి. యతి దగ్గర ఆగడం, రాగం ఎత్తి తీర్చడం వాళ్లకు చక్కగా వస్తున్నాయి. ఊరి నాటకం దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ కనిపించరు. గొంతు కొరత కాదు ఇది. రిహార్సల్ రాత్రి పదింటికి మొదలవుతుంది, అక్కడ బీడీ పొగ, మందువాసన. ఏ తల్లి పంపుతుంది?

రిహార్సల్ సాయంత్రానికి జరపాలి, బడి వరండాలోనో గుడి మండపంలోనో. పిల్లతోపాటు తల్లినీ రమ్మనాలి. రంగు వేసుకోవడానికి తలుపున్న గది ఇవ్వాలి. బయటి నుంచి వచ్చే నటిని ఒకరోజు ముందే పిలిపించి, ఆ రోజుకూ డబ్బిచ్చి, ఆ పిల్లలకు నాలుగు పద్యాలు చెప్పించాలి. కరపత్రంలో ఆమె పేరు హరిశ్చంద్రుడి పేరంత పెద్ద అక్షరాల్లో వేయాలి. చదివింపుల్లో సగం ఆమెకు చేరాలి. మా కమిటీలో ఈ మాట అంటే ‘‘అవన్నీ యాడ కుదురుతాయిలే’’ అన్నారు. సీనరీకి, లైట్లకు, మైకుసెట్టుకు ప్రతి ఏడూ కుదురుతున్నాయి కదా, దీనికి మాత్రం ఎందుకు కుదరదు?