నీతి పాఠానికి ముందు నేర్పిన పాఠం

సైనికులకు నైతిక నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేర్పే పాఠాల్లో మైలై ప్రస్తావన తరచూ వస్తుంది. 1968 మార్చి 16న దక్షిణ వియత్నాంలోని ఆ ఊళ్లో అమెరికా సైనికులు నిరాయుధుల్ని, ఆడవాళ్లూ పసిపిల్లలూ అని చూడకుండా, కాల్చి చంపారు. అమెరికా సైన్యం లెక్క 347, వియత్నాం లెక్క 504. సైనికులకిచ్చిన శిక్షణ చాల్లేదని 1970లో జనరల్ పీర్స్ విచారణ తేల్చింది. తర్వాత శిక్షణ పెరిగింది. మరి ఫలితం?

2006లో ఇరాక్‌లో ఉన్నవాళ్లని అమెరికా సైన్యమే సర్వే చేసింది. సాధారణ పౌరుల్ని గౌరవంగా చూడాలని ఒప్పుకున్నవాళ్లు సైనికుల్లో 47 శాతం, మెరైన్లలో 38 శాతం. అమాయకుణ్ణి చంపిన సాటివాడి మీద ఫిర్యాదు చేస్తామన్నవాళ్లు 55, 40 శాతం. నీతి పాఠాలు విన్నాక వచ్చిన లెక్కలివి.

'నువ్వైతే ఏం చేస్తావు?' అని పాఠం అడుగుతుంది. ఎదుటున్నది మనిషేనని సైనికుడు ముందే ఒప్పుకున్నాడనుకుని అడిగే ప్రశ్న ఇది. కానీ వియత్నాం వెళ్లేవాడికి శిక్షణ శిబిరంలోనే అక్కడి జనాన్ని 'గూక్' అనడం అలవాటైంది. ఆ మాట నోట పట్టినవాడికి సందిగ్ధం ఎక్కణ్ణించి వస్తుంది? కులం పేరునే తిట్టుగా విన్న మనకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఆయుధాలెత్తినవాళ్లు నీతీ అవినీతీ తూచుకుంటూ నిలబడలేదు.

ఇక కాదన్నవాడి గతేంటి? మైలైలో పైలట్ హ్యూ థాంప్సన్ ఊరివాళ్లకీ సైనికులకీ మధ్య హెలికాప్టర్ దించి కొందర్ని కాపాడాడు. శిక్షించాల్సింది ఇతన్నేనని కాంగ్రెస్ సభ్యుడు మెండెల్ రివర్స్ పట్టుబట్టాడు. జరిగింది ఉన్నదున్నట్టు ఒప్పుకుని ఇచ్చిన పతకం 1998లో గానీ రాలేదు. 22 మందిని చంపాడని 1971లో యావజ్జీవ శిక్ష పడ్డ లెఫ్టినెంట్ కాలీ 1974లోనే బయటికొచ్చాడు. సైనికులు ఏ పాఠం గుర్తుపెట్టుకుంటారు?

మన సైనిక చట్టం, 1950 కూడా 41వ సెక్షన్లో 'చట్టబద్ధమైన' ఆజ్ఞని ధిక్కరిస్తేనే నేరమంటుంది. కానీ ఇంటిల్లిపాదీ తన జీతం మీదే బతికే జవాను, ఈ ఆజ్ఞ చట్టబద్ధం కాదని ఎవరి అండ చూసుకుని అంటాడు?

పాఠాలు వద్దని మేం అనట్లేదు. బ్యారక్ భాషని మార్చకుండా, కాదన్నవాడికి రక్షణ ఇవ్వకుండా చెప్పే నీతి, ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి వదిలేసి తుపాకీ పట్టినవాడి నెత్తిన భారం పెడుతుంది. అందుకే ఏ సైన్యం నీతి శిక్షణనైనా ఈ రెండు ప్రశ్నలతోనే కొలవాలంటున్నాం.