చెంచా మీద నిలిచే ఉగ్గు

మా సిద్దిపేటలో బిడ్డకు ఆరో నెల నిండుతోందంటే ఇంట్లో సందడే. మంచిరోజు చూస్తారు, వెండి గిన్నె కొంటారు, చుట్టాలను పిలిచి పాయసం నాకిస్తారు. ముచ్చటైన పండుగే. అసలు పని మాత్రం మరునాటి నుంచి మొదలవుతుంది. చుట్టాలు వెళ్లిపోయాక ఆ గిన్నెలో పడేది చాలా ఇళ్లలో పప్పుకట్టు, లేదంటే నీళ్లలాంటి జావ. బిడ్డ గుటుకు గుటుకున మింగుతుంది, గిన్నె ఖాళీ అవుతుంది, తల్లికి తృప్తి కలుగుతుంది. బిడ్డ ఒంటికి మాత్రం అందేది చాలా తక్కువ.

లెక్క కష్టమేమీ కాదు. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 65 కేలరీలుంటాయి. అన్ని నీళ్లలోనే 5 గ్రాముల పిండి కలిపి కాచిన జావలో 18 కేలరీలకు మించవు. పప్పు మీద తేరిన తేటలో అన్ని కూడా ఉండటం కష్టం. ఆరేడు నెలల బిడ్డ కడుపులో ఒక పూటకు పట్టేది చిన్న గ్లాసెడు. ఆ జాగాను నీళ్లతో నింపేస్తే తల్లిపాలకూ చోటుండదు, తిండికీ చోటుండదు. తల్లిపాలకు తోడుగా ఉండాల్సిన తిండి తల్లిపాలకే అడ్డం పడుతుంది.

మా వీధిలో ఒక పెద్దవ్వ ఉండేది. బాలింత ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ముందు పొయ్యి మీది గిన్నెలోకి తొంగిచూసేది. "పలుచగ పోస్తే ఉచ్చకే సరిపోతది బిడ్డా, ఒంటికేం పడ్తది? జర చిక్కగ కాయి" అనేది. చెంచాతో తీసి వంచి చూపించేది. ఉగ్గు చెంచా మీద నిలవాలి, జారినా మెల్లగా జారాలి. ఇవాళ పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే.

మా ఇంట్లో ఉగ్గుపిండికి బియ్యం రెండు వంతులు, పెసరపప్పు ఒక వంతు తీసుకుంటాం. రెండింటినీ కడిగి, పాత నూలుచీర మీద నీడపట్టున ఆరబెడతాం. వేయించేటప్పుడు కలపకూడదు, బియ్యం వేగేలోపు పప్పు మాడిపోతుంది. బియ్యం కాస్త ఉబ్బి తెల్లబడాలి. పప్పు ఎర్రబడకముందే, కమ్మటి వాసన రాగానే దించాలి. పట్టించడానికి గిర్నీకి పోవద్దు. మనకంటే ముందు ఎవరో కారం పట్టించి ఉంటారు. ఇంట్లో మిక్సీ చాలు. మొదట్లో మెత్తటి పిండి, ఎనిమిదో నెల వచ్చేసరికి రవ్వ, ఏడాదికల్లా ఇంట్లో అందరూ తినే అన్నం, పప్పు, కూరే మెత్తగా పిసికి, కారం లేకుండా పెట్టాలి. కాచేటప్పుడు పిండిని ముందు చల్లనీళ్లలో కలుపుకుంటే ఉండలు కట్టదు. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 20 గ్రాముల పిండి వేసి, ఉడికి దగ్గరపడ్డాక చెంచాడు నెయ్యి కలిపితే గిన్నెలో 110 కేలరీలు దాటతాయి. ఇందాకటి జావకు ఇది ఆరింతలు.

అంత చిక్కగా ఉంటే పసిబిడ్డ మింగలేదని తల్లులు భయపడతారు. ఆ భయం సబబే, దానికి ఉపాయమూ ఉంది. రాగులను రాత్రి నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, మొలకలు నలిచి తీసేసి పిండి పట్టడం మనకు కొత్త కాదు. ఆ పిండి అరచెంచాడు వేడివేడి చిక్కటి ఉగ్గులో కలిపి చూడండి. ముద్దలా ఉన్నది కొద్ది నిమిషాల్లో మన కళ్ల ముందే జారుగా అవుతుంది. నీళ్లు పోసింది లేదు, కేలరీ పోయింది లేదు. మొలకెత్తే గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ గంజిని ఇలా విడగొడుతుంది. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ 1980లలో ఈ గుణం మీదే పరిశోధన చేసి, పసిపిల్లల తిండికి ఇదెంత మేలో చూపించారు. మొలకల పిండిని ఎర్రగా వేయించకూడదు, ఎంజైమ్ చచ్చిపోతుంది. సన్నసెగ మీద వెచ్చబెడితే చాలు. ఉగ్గు జారుగా అయ్యాక మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించితే క్రిముల భయం ఉండదు.

ఇంటి గింజల బలాన్ని మన హైదరాబాద్ ఎప్పుడో లెక్కగట్టింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం తయారుచేసిన ‘హైదరాబాద్ మిక్స్’ వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లో ఉంది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల పొడిలో 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. ఇందులో మన కిరాణా కొట్టులో దొరకనిది ఒక్కటీ లేదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఈ దారిలో వచ్చిందే. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పొడి అది. ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు ఒక్కో బిడ్డకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు, అంటే రోజుకు 100 గ్రాములలోపు. ఆ ప్యాకెట్‌తో ఇంటిల్లిపాదికీ లడ్డూలు చేస్తే బిడ్డ వాటా చెంచాడే మిగులుతుంది. ప్యాకెట్ ఎవరి పేరున వచ్చిందో ఆ బిడ్డకే పెట్టండి. అందులో చక్కెర తగ్గించాలన్నది మాత్రం సర్కారుకు నా విన్నపం. తీపికి అలవాటుపడ్డ నాలుక పప్పన్నాన్ని నెట్టేస్తుంది. అందుకే ఏడాది నిండేదాకా మేం ఉగ్గులో బెల్లమూ వేయం, ఉప్పూ వేయం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది చాయ్‌లో ముంచిన బిస్కట్. పొద్దున్నే తాత తన కప్పులో ముంచి మనవడి నోట్లో పెడతాడు. అది ప్రేమే, కాదనను. కానీ చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ దాచుకున్న ఇనుము ఆరు నెలలు వచ్చేసరికి అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండేదేమో తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు వాళ్లలో 33 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆదివారం ఇంట్లో మటన్ వండినా పసిబిడ్డకు అరగదని పక్కన పెడతారు. మెత్తగా ఉడికించి నూరిన కార్జం, కైమా, బాగా ఉడికిన గుడ్డు ఏడో నెల నుంచే కొంచెం కొంచెంగా పెట్టవచ్చు. మాంసం తినని ఇళ్లలో పప్పు, ఆకుకూర బాగా ఉడికించి, దించాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి పడుతుంది.

పెద్దల వైద్యమంతా మంచిదేనని నేను అనను, అంతా చెడ్డదనీ అనను. కాళ్ల మీద పడుకోబెట్టి గోరువెచ్చటి నూనెతో మెల్లగా రుద్దడం, పెసరపిండితో నలుగు పెట్టడం బిడ్డకు హాయి. చెవుల్లో, ముక్కుల్లో నూనె చుక్కలు వేయడం మానాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. ఏడాదిలోపు బిడ్డ నాలుకకు తేనె తగలకూడదు. అందులో ఉండగల బొట్యులిజం క్రిమి ప్రాణాల మీదికి తెస్తుంది. ముర్రుపాలు పిండి పారబోయకూడదు, కాన్పయిన గంటలోపే పట్టాలి. పెద్దాపరేషన్ అయిన తల్లికి పక్కనున్న వాళ్లు పట్టుకుని సాయం చేస్తే అదీ సాధ్యమే. ఆరు నెలల వరకు మండువేసవిలో కూడా నీళ్లు అక్కర్లేదు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు తిండి ఆపేయడం మరో చెడ్డ అలవాటు. ఓఆర్ఎస్ తాగిస్తూ, డాక్టర్ చెప్పిన జింక్ 14 రోజులు వేస్తూ, పాలూ ఉగ్గూ మానకుండా ఇవ్వాలి. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టాలి.

ఇదంతా తల్లి ఒక్కదాని పని కాదు. పిండి వేయించడం అత్తమ్మ చేయవచ్చు. గుడ్డు ఉడికించి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని తినిపించడం నాన్న చేయవచ్చు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడు పూటలు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు, రెండేళ్లు నిండేదాకా తల్లిపాలతో పాటు పెట్టండి. నెలనెలా అంగన్‌వాడీకి తీసుకెళ్లి తూకం వేయించండి. వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోతే దిష్టి తీసి ఊరుకోకుండా డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండేళ్లలో ఆగిపోయిన ఎదుగుదలను తర్వాత పూర్తిగా రాబట్టుకోవడం చాలా కష్టం.