మేళానికి బయానా

పెళ్లి కుదరగానే మండపం, భోజనాలు, వీడియోవాళ్ల కోసం పరుగులు పెడతాం. సన్నాయి మేళాన్ని మాత్రం పంతులుగారికే వదిలేస్తాం. అది నాకు బాధగా ఉంటుంది.

జీలకర్రా బెల్లం పెట్టే క్షణాన పంతులుగారు చెయ్యెత్తుతారు. అంతవరకూ తాపీగా కళ్యాణి రాగం సాగదీస్తున్న సన్నాయి ఒక్క ఊపిరిలో గట్టిమేళం అందుకోవాలి. డోలు విద్వాంసుడు ఒక పక్క కర్రతో, రెండో పక్క వేళ్లకు తొడిగిన గట్టి తొడుగులతో వాయిస్తాడు. ఆ హోరులో ఏ అపశకునపు మాటా పీటల దాకా చేరకూడదన్నది పెద్దల ఉద్దేశం. వాయించేవాళ్లకు చెవితోపాటు చూపూ ఉండాలి. మంచి మేళమంటే అదే.

ఈ విద్యను తరతరాలుగా నిలిపినవాళ్లలో ముస్లిం కుటుంబాలు ఎన్నో. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు పద్మశ్రీ ప్రకటించారు. సీతారాముల కల్యాణానికి నాదం పోసిన ఊపిరి వీళ్లది. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

బయానా ఇచ్చేముందు వాళ్లు వాయించే మరో పెళ్లికి వెళ్లి వినండి. ఫోన్‌లో పంపిన వీడియోలో ఊపిరి బలం తెలియదు. ముహూర్తం తెల్లవారుజామునైతే ముందే చెప్పి, బసా భోజనమూ చూడండి. డీజే పెట్టెల పక్కన కూర్చోబెట్టకండి. మిగిలిన పైకం తాంబూలంతోపాటు ఇంటిపెద్ద చేత ఇప్పించండి.